సొంతంగా చీరల బ్లాగు నడపడం: ఎందుకు, ఎవరి కోసం, ఎంతవరకు

కొత్తపేక:
అందరికీ నమస్కారం. రోజూ కట్టుకునే బట్టల గురించి, ముఖ్యంగా నేత చీరల గురించి తెలుగులో ఒక సొంత బ్లాగు మొదలుపెట్టాలనుకుంటున్నాను. అమ్మకం ఉద్దేశం లేదు. ఏ చీర, ఎలా కట్టాలి, దాని మీదికి ఏ జాకెట్టు నప్పుతుంది, ఉతికాక ఎలా ఉంది, ఇవే రాయాలని. సందేహాలు మాత్రం చాలా ఉన్నాయి. ఇన్ని రీళ్లు ఉండగా ఇంకొకరి బట్టల గురించి ఎవరు చదువుతారు? మొహం చూపించాలా? దుకాణాల వాళ్లు ఉచితంగా చీర పంపిస్తామంటే తీసుకోవచ్చా? ఇది చివరికి జనం చేత ఇంకా ఇంకా కొనిపించే పని అయిపోదా? అనుభవజ్ఞులు చెప్పండి.

పడుగుపేక:
మొదటి ప్రశ్నకు జవాబు దొరికితే మిగతావి తేలిక. దుకాణం పేజీలో కొత్త చీర ఉంటుంది, రీల్‌లో మొదటిసారి కట్టిన చీర ఉంటుంది. మూడో ఉతుకు తర్వాత ఆ చీర ఎలా ఉందో ఎక్కడా దొరకదు. చదివేవాళ్లు వెతికేది అదే.

మంగళగిరి నూలు చీరనే తీసుకోండి. 80 కౌంట్ నూలు (కౌంట్ అంటే దారం సన్నదనానికి లెక్క), చీర ఒంటి మీద బుటా లేకుండా సాదాగా, నిజాం అంచు (చిన్న గోపురాల వరుసలాంటి జరీ అంచు). ఇంతవరకూ అందరూ రాస్తారు. రాయాల్సింది ఆ తర్వాతిది. కొన్నప్పుడు పొడవు ఎంత, మొదటి ఉతుకు తర్వాత ఎంత? నూలు చీర నూటికి మూడు నుంచి ఐదు వంతులు కుంచించుకుపోవడం మామూలే. అంటే అయిదున్నర మీటర్ల చీరలో ఒక జానెడు దాకా తగ్గొచ్చు, కుచ్చిళ్లలో ఒకటి పోతుంది. ఫాల్‌ను (చీర కింది అంచు లోపల కుట్టే గుడ్డ పట్టీని) తడపకుండా కుట్టించేస్తే, ఉతికాక చీర ఒక కొలతకు, ఫాల్ ఇంకో కొలతకు కుంచించుకుని కింది అంచు ముడతలు పడుతుంది. ఇస్త్రీతో అది పోదు, విప్పి మళ్లీ కుట్టించాల్సిందే. కాబట్టి ఫాల్‌ను రాత్రంతా నీళ్లలో నానబెట్టి, ఆరబెట్టి, ఆ తర్వాతే టైలర్‌కి ఇవ్వాలి. చీరను కూడా ఒకసారి తడిపి ఇస్తే ఇంకా మంచిది. ఈ ఒక్క సంగతి ఫొటోతో సహా రాస్తే, కొనబోయే పదిమందికి పనికొస్తుంది.

ఇంకో మాట. రంగు వదలకుండా మొదటి ఉతుకులో ఉప్పు వేయమని అందరూ రాస్తుంటారు. అద్దకంలో సరిగ్గా పట్టని రంగును ఇంట్లో వేసే ఉప్పు పట్టించలేదు. మిగులు రంగు ఎటూ పోవాల్సిందే. చల్లటి నీళ్లలో, విడిగా, నానబెట్టకుండా ఉతికి, నీడలో వెంటనే ఆరేయడమే దారి. ముందుగా కొంగు మూల తడిపి తెల్ల గుడ్డతో రుద్ది చూస్తే ఎంత వదులుతుందో తెలిసిపోతుంది.

నీడపట్టు:
ఫొటోల గురించి నేను చెప్తాను. ఈ పనిలో నమ్మకం నిలబడేదీ పోయేదీ రంగు దగ్గరే.

రాత్రిపూట ఇంట్లో ఎల్‌ఈడీ లైటు కింద తీయకండి. చవక లైట్లలో ఎరుపు కాంతి సరిగ్గా ఉండదు. మెరూన్ గోధుమరంగులోకి, వంకాయ రంగు నీలంలోకి జారిపోతాయి. ఎండ నేరుగా పడని వరండా గానీ, ఉత్తరం కిటికీ పక్కన గానీ, ఉదయం తొమ్మిది పదకొండు మధ్య బాగుంటుంది. పక్కన ఆకుపచ్చ గోడ ఉంటే ఆ ఛాయ తెల్ల చీర మీద కనిపిస్తుంది, అది కూడా చూసుకోండి. ఫ్రేములో ఒక మూల మామూలు తెల్ల కాగితం పెట్టి ఒక ఫొటో తీయండి, తర్వాత ఎడిటింగ్‌లో ఆ కాగితాన్ని తెలుపుగా సరిచేసి అదే దిద్దుబాటు మిగతా ఫొటోలకూ పెట్టండి.

మిరపపండు ఎరుపు, రాణీ గులాబీ రంగు ఫోన్‌కు కష్టం. నేత గీతలు కనిపించకుండా ఒకే ముద్దలా వస్తాయి. తెర మీద చీరను నొక్కిపట్టి వెలుతురును కాస్త తగ్గించండి, దారం మళ్లీ కనిపిస్తుంది. జరీకి ఎదురుగా వెలుతురు పడితే తెల్లగా మెరిసి బంగారు రంగే పోతుంది, పక్క నుంచి పడాలి.

పడుగు (నిలువు దారం) ఒక రంగు, పేక (అడ్డం దారం) ఇంకో రంగు ఉన్న పట్టు చీరలకు ఒక్క ఫొటో సరిపోదు. నెమలికంఠం చీర ఒక కోణంలో నీలం, ఇంకో కోణంలో ఆకుపచ్చ. రెండూ పెట్టి, రెండూ ఒకే చీర అని రాయండి.

నిలువెత్తు ఫొటోకు ఫోన్‌ను నడుము ఎత్తులో పెట్టి, మూడు మీటర్ల దూరం నుంచి రెండింతల జూమ్‌తో తీయండి. దగ్గర నుంచి వెడల్పు లెన్సుతో తీస్తే తల పెద్దది, పాదాలు చిన్నవి, అంచు వంకర. చీర పొట్టిగా ఉందేమో అని చూసేవాళ్లు పొరబడతారు.

కొత్తపేక:
వివరంగా చెప్పారు, ధన్యవాదాలండీ. ఎత్తు, కొలతలు రాయడం అవసరమా? ఒళ్లు, రంగు, వయసు మీద వ్యాఖ్యలు వస్తాయని ఇంట్లో భయపడుతున్నారు.

అంచుకొలత:
ఎత్తు తప్పకుండా రాయండి. మిగతావి మీ ఇష్టం. ఎత్తు లేకపోతే చీర ఫొటోకు సగం విలువ ఉండదు.

చీర వెడల్పు సాధారణంగా 44 నుంచి 48 అంగుళాలు. అయిదడుగుల మనిషికి 44 సరిపోయి పైన దోపుకోవడానికి కూడా మిగులుతుంది. అయిదడుగుల తొమ్మిది అంగుళాల మనిషికి అదే చీర చీలమండ పైకి వస్తుంది, ఎత్తు మడమల చెప్పులు వేస్తే ఇంకా పైకి. "వెడల్పు 45, కట్టిన మనిషి ఎత్తు అయిదూ రెండు, దోపింది నాలుగు అంగుళాలు" అని మీరు రాస్తే ఎవరికి వాళ్లు లెక్క వేసుకుంటారు. పొడవు కూడా అంతే. జాకెట్టు గుడ్డతో కలిపి 6.3 మీటర్లని చీటీ మీద ఉంటుంది, ఎనభై సెంటీమీటర్లు కత్తిరించాక మిగిలేది అయిదున్నర. నడుము చుట్టుకొలత ఎక్కువున్నవాళ్లకు అందులో కుచ్చిళ్లు నాలుగైదుకు మించి రావు. కొన్ని చీరల్లో జాకెట్టు గుడ్డ చీరలోనే కలిసి ఉంటుంది, నడుము ఎక్కువున్నవాళ్లు దాన్ని కత్తిరించకుండా వేరే గుడ్డతో కుట్టించుకోవడమే మంచిదని కూడా రాయండి. లావుపాటి ఒంటికి చీర ఎలా పడుతుందో చూపించే తెలుగు పేజీలు తక్కువ. అది మొదలుపెట్టడానికి మంచి కారణం అని నా అభిప్రాయం.

మొహం సంగతి: మెడ నుంచి కిందికి తీసిన ఫొటోతో బ్లాగు నిక్షేపంగా నడుస్తుంది. చదివేవాళ్లు చూసేది కుచ్చిళ్లు ఎలా నిలిచాయి, పైట జారుతోందా లేదా అని. కానీ ఒకసారి పెట్టాక వెనక్కి తీసుకోలేరు. పెట్టకుండా మొదలుపెట్టి తర్వాత పెట్టొచ్చు, అటునుంచి ఇటు రావడం కుదరదు.

వ్యాఖ్యలకు ముందస్తు అనుమతి పెట్టుకోండి. చీర గురించి కాని మాట ఏదీ అచ్చు కాదని పేజీ మీదే ఒక వాక్యం రాసి పెట్టండి. వాదనకు దిగొద్దు, తీసేయండి, అంతే.

చిటికిబిగువు:
నేత చీరల మీద రాసేవాళ్లు తెలుసుకోవాల్సినది ఒకటుంది, దీని గురించి ఎవరూ మాట్లాడరు. కొత్త డిజైను దగ్గరి ఫొటో పెట్టడం నేతగాడికి నష్టం కలిగించొచ్చు.

పోచంపల్లి ఇక్కత్‌కు (దారానికి ముందే బొమ్మ ప్రకారం రంగులద్ది నేసే బట్టకు) భౌగోళిక గుర్తింపు 2005లో వచ్చింది, ఇక్కత్‌లోనే ఒక రకమైన పుట్టపాక తేలియా రుమాలుకు 2020లో. ఆ గుర్తింపు పేరును కాపాడుతుంది. ఒక నేతగాడు ఈ ఏడాది కొత్తగా గీసిన బొమ్మను కాపాడాలంటే డిజైన్ల చట్టం 2000 కింద నమోదు చేయించుకోవాలి. నమోదైతే పదేళ్లు, ఇంకో అయిదేళ్లు పొడిగింపు. కానీ దరఖాస్తు కంటే ముందే ఆ డిజైను బయట అచ్చయితే దాన్ని కొత్తది అనరు, నమోదు దక్కదు. మీ బ్లాగు ఫొటో కూడా అచ్చు కిందికే వస్తుంది. మగ్గం దగ్గరికి వెళ్లి ఫొటో తీసిన రోజే పెట్టేయకండి. "ఇది బజారులోకి వచ్చిందా, పెట్టొచ్చా?" అని అడగండి. నమోదు ఆలోచన లేకపోయినా, చీర అమ్ముడయ్యాకే పెట్టమంటే ఆగండి. ఇక్కత్‌లో నూలును ఆసు పోసి (చట్రం మీద వరసగా చుట్టి), చిటికి కట్టి (రంగు అంటకుండా అక్కడక్కడ బిగించి), రంగుకో విడత విప్పి కట్టి, అప్పుడు నేస్తారు. ప్రింటు వేసేవాడికి ఫొటో ఒక్కటి చాలు.

అసలు ఇక్కత్‌నూ ప్రింటునూ పక్కపక్కన పెట్టి చూపిస్తే మాత్రం అందరికీ మేలు. చీరను తిరగేయండి. ప్రింటుకు వెనక వైపు రంగు వెలిసినట్టు ఉంటుంది, బొమ్మ గీత చాకుతో కోసినట్టు నున్నగా ఉంటుంది. ఇక్కత్‌కు రెండు వైపులా ఒకే రంగు. గీత అంచులో రంగు ఒక దారం నుంచి పక్క దారానికి కొద్దిగా జరిగి ఈకలా ఉంటుంది. ఒక దారం లాగి చూస్తే అదే దారం మీద రెండు మూడు రంగులు వరసగా కనిపిస్తాయి. పడుగు మాత్రమే కట్టినదా, రెండూ కట్టినదా తేల్చడానికి అడ్డం దారం, నిలువు దారం రెండూ లాగి చూడాలి.

అంచున చిన్న చిల్లులు ఉంటే చేమగ్గమే అని రాసేస్తుంటారు. బట్టను వెడల్పుగా సాగదీసి పట్టుకునే కర్రకున్న ముళ్ల గుర్తులవి. మరమగ్గాల మీద కూడా అలాంటి ఏర్పాటు ఉంటుంది కాబట్టి చిల్లులు ఒక్కటే రుజువు కాదు. చేమగ్గం గుర్తు (హ్యాండ్లూమ్ మార్క్) చీటీ, కొన్న చోటు, అన్నీ కలిపి చెప్పండి. తేల్చలేకపోతే "చేనేత" అనే మాట వాడకుండా "నూలు చీర" అని రాయండి.

కొత్తపేక:
ఈ డిజైను సంగతి బొత్తిగా తెలియదు. అడిగే రాస్తాను. ఉచిత చీరల మాట కూడా చెప్పండి.

గంజివార్పు:
తీసుకోవద్దు. నా మాట ఇంతే. డబ్బు పెట్టి కొన్న చీర రంగు వదిలితే రాయగలరు, ఉచితంగా వచ్చిన చీర రంగు వదిలితే చెయ్యి రాదు. చెయ్యి రాని రోజు నుంచి బ్లాగుకు అర్థం లేదు.

ఖాతాపుస్తకం:
గంజివార్పు గారూ, తీసుకోకపోతే మంచిదే. తీసుకునేవాళ్లకు నియమాలు తెలియాలి కదా, అవి చెప్తాను.

వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 జనవరిలో ఎండార్స్‌మెంట్ (వస్తువును మెచ్చుకుంటూ చేసే ప్రచారం) మార్గదర్శకాలు ఇచ్చింది. డబ్బు ఒక్కటే కాదు, ఉచిత వస్తువు, తగ్గింపు, ప్రయాణ ఖర్చు, బంధుత్వం కూడా చెప్పి తీరాల్సిన సంబంధాలే. మీ పిన్ని కొట్టు చీరను మెచ్చుకుంటే ఆ సంగతి రాయాలి. అది ఎవరికీ కనపడని మూల, హ్యాష్‌ట్యాగుల గుంపులో కలిపి రాస్తే చెల్లదు. ఫొటో అయితే ఫొటో మీదే, వీడియో అయితే కనిపించేలానూ వినిపించేలానూ ఉండాలి. తెలుగులో రాసేవాళ్లు "ఈ చీర ఫలానా దుకాణం ఉచితంగా ఇచ్చింది" అని మొదటి పంక్తిలో తెలుగులోనే రాస్తే సరిపోతుంది. తప్పుదోవ పట్టించే ప్రచారానికి 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద పది లక్షల దాకా జరిమానా ఉంది, మళ్లీ చేస్తే యాభై లక్షల దాకా.

పన్ను సంగతి. ఉచితంగా ఇచ్చే వస్తువుల మీద 2022 జులై 1 నుంచి ఆదాయపు పన్ను నియమం ఒకటి ఉంది, 194ఆర్ సెక్షన్‌గా వచ్చింది. ఒకే సంస్థ ఏడాదిలో ఇచ్చిన వస్తువుల విలువ 20 వేలు దాటితే ఆ సంస్థ పది శాతం టీడీఎస్ (ఇచ్చేవాళ్లే ముందుగా కట్టే పన్ను) కట్టాలి. ఫొటో తీసి చీర తిరిగి పంపేస్తే అది లాభం కిందికి రాదు, మీ దగ్గరే ఉంచుకుంటే వస్తుంది. వ్యాపారం కోటి లోపు ఉన్న సొంత దుకాణదారుడికి టీడీఎస్ బాధ్యత లేదు. అంతమాత్రాన మీకు వచ్చిన చీర ఆదాయం కాకుండా పోదు, మీ లెక్కలో చూపించాలి. ఒక నోటు పుస్తకంలో తేదీ, ఇచ్చినవాళ్లు, చీర, బజారు ధర, తిరిగి ఇచ్చారా ఉంచుకున్నారా అని రాసి పెట్టుకోండి. జీఎస్‌టీ సేవల మీద ఏడాదికి 20 లక్షలు దాటాకే, దాని గురించి ఇప్పుడు ఆలోచించక్కర్లేదు.

గంజివార్పు:
చెప్పి తీసుకుంటే చట్టం ముందు సరిపోతుంది. చదివేవాళ్ల ముందు సరిపోతుందా అన్నదే నా బాధ. ఒక నెలలో పెట్టిన ఎనిమిది చీరల్లో ఆరు ఉచితమైతే, ఆరింటి మీదా నిజాయితీగా రాసినా అది దుకాణాల పేజీయే. ఆ ఆరూ మూడోసారి ఉతికి చూపించరు, ఎందుకంటే అప్పటికి ఇంకో ఆరు వచ్చి ఉంటాయి.

పడుగుపేక:
ఇది ఒప్పుకోవాల్సిన మాట. మధ్యేమార్గం ఒకటుంది. చీరను అరువు తెచ్చుకుని తిరిగి ఇచ్చేస్తే ఫొటో, కొలత, నేత వివరం వరకే రాయాలి, "బాగుంది, కొనండి" అనకూడదు. తీర్పు సొంత డబ్బుతో కొని, మూడుసార్లు ఉతికిన చీర మీదే ఇవ్వాలి. ఈ రెండింటికీ బ్లాగులో వేరువేరు పేర్లు పెట్టి విడిగా ఉంచండి.

గూడుతాళం:
భద్రత గురించి కొన్ని. ఫోన్ కెమెరా సెట్టింగుల్లో లొకేషన్ ఆపేయండి, లేకపోతే ఫొటో ఫైల్లో ఇంటి స్థానం ఉండిపోతుంది. గేటు మీద నంబరు, బండి నంబరు, పిల్లల బడి బ్యాడ్జి, అద్దంలో పడే గది, ఇవన్నీ పెట్టే ముందు పెద్దది చేసి చూడండి. పెళ్లికో గుడికో వెళ్లిన ఫొటోలు ఇంటికొచ్చాకే పెట్టండి.

ఫొటోల దొంగతనం తప్పదు. చీరలు తిరిగి అమ్మే వాట్సాప్ గుంపుల్లో మీ ఫొటో వేరే చీర ధరతో తిరుగుతుంది. పేరు ఒక మూల వేస్తే కత్తిరించేస్తారు. కుచ్చిళ్ల మధ్యలో, లేతగా వేయండి. అసలు పెద్ద ఫైలు ఎవరికీ ఇవ్వకండి, అదే మీదని చెప్పడానికి రుజువు.

హక్కు ఎవరిదన్నది ముందే తేల్చుకోండి. కాపీరైటు చట్టం ప్రకారం, వేరే ఒప్పందం లేకుండా డబ్బిచ్చి తీయించుకున్న ఫొటో తీయించుకున్నవాళ్లది. స్నేహితురాలు ఊరికే తీసిపెట్టిన ఫొటో ఆమెది. ఊరికే తీసినా "బ్లాగుకు, ఎక్కడైనా వాడుకోవచ్చు" అని ఒక సందేశం రాయించుకోండి. మొహం మార్చి ఫొటో పెట్టినట్టు కనిపిస్తే ముందు తెర ఫొటో తీసి లింకు దాచుకోండి, తర్వాత ఆ వేదిక ఫిర్యాదుల అధికారికి, జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌కు రెండుచోట్లా ఫిర్యాదు పెట్టండి. ముందే తీయించేస్తే రుజువు పోతుంది.

కొత్తపేక:
ఇన్‌స్టాగ్రామ్ చాలా? సొంత సైటు కూడా కావాలా?

అక్షరగూడు:
సొంత చిరునామా ఉండాలి. 2020 జూన్ 29న టిక్‌టాక్‌ను మన దేశంలో ఆపేసినప్పుడు తెలుగువాళ్ల వీడియోలు ఒక్క రాత్రిలో అందకుండా పోయాయి. సొంత డొమైన్ ఏడాదికి వెయ్యి రూపాయలకు అటూఇటూ, బ్లాగర్‌లో స్థలానికి డబ్బు అక్కర్లేదు. అసలు వ్యాసం అక్కడ పెట్టి, ఇన్‌స్టాగ్రామ్‌లో ఒక ఫొటో, రెండు వాక్యాలు పెట్టండి. నెలకోసారి మొత్తం బ్లాగును దింపుకుని దాచుకోండి.

తెలుగులో రాసేటప్పుడు లింకు మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లో పెట్టండి. తెలుగు లింకును వాట్సాప్‌లో అంటిస్తే ఒక్కో గుర్తు తొమ్మిది అక్షరాల సంకేతంగా విచ్చుకుంటుంది. "మంగళగిరి" ఒక్క మాటే డెబ్బై రెండు అక్షరాలు అవుతుంది, చూసినవాళ్లు ఏదో మోసపు లింకని నొక్కరు. వెతికేవాళ్లలో చాలామంది తెలుగు మాటను ఇంగ్లీషు అక్షరాల్లో కొడతారు, అందుకే ఫొటో వివరణలో ఆ రూపం కూడా ఒకసారి రాయండి. ఫొటో పొడుగు వైపు 1600 పిక్సెళ్లు, 300 కేబీ లోపు చాలు. నేత చూపించే దగ్గరి ఫొటో ఒక్కటి మాత్రం పెద్దగా ఉంచండి, కుదిస్తే దారాలు కలిసిపోయి లేని గీతలు కనిపిస్తాయి.

అంచుకొలత:
కొనిపించే పని అవుతుందా అన్న సందేహానికి ఎవరూ జవాబు చెప్పలేదు. నా మాట: అవుతుంది, మీరు ఆపకపోతే. బీరువాలో ఉన్నవాటితోనే నడపండి. 2015లో బెంగళూరు నుంచి మొదలైన "100 శారీ ప్యాక్ట్" చేసింది ఇదే. ఏడాదిలో వందసార్లు చీర కట్టి, దాని వెనకున్న సంగతి చెప్పమన్నారు, కొత్తవి కొనమనలేదు. ఒకే చీరకు మూడు జాకెట్లు, ఒకే జాకెట్టుకు నాలుగు చీరలు చూపిస్తే చదివేవాళ్లకు తమ బీరువా గుర్తొస్తుంది. వేసిన ఖర్చు కూడా రాయండి. 2400 పెట్టిన చీర పన్నెండుసార్లు కడితే కట్టుకు 200, ఫాల్, పీకో, జాకెట్టు కుట్టుకూలి కలిపితే ఇంకా ఎక్కువ. ఆ కలిపిన లెక్క ఎవరూ చెప్పరు.

పడుగుపేక:
వారానికి ఒకటి కంటే ఎక్కువ పెట్టుకోకండి. ఉతికి, ఆరబెట్టి, కొలిచి, ఫొటో తీసి రాయడానికి ఒక చీరకు అంత సమయం పడుతుంది. రోజుకొకటి అనుకుంటే కొత్త చీరల కోసం వెతకడం మొదలవుతుంది, గంజివార్పు గారు చెప్పిన దారిలోకి అక్కడి నుంచే పడతారు. చదివేవాళ్ల సంఖ్య చూడ్డం మొదటి ఆర్నెల్లు మానేయండి. "ఈ చీర కొనాలనుకున్నాను, మీది చదివి వెడల్పు అడిగి తెలుసుకున్నాను" అని వచ్చే వ్యాఖ్యలు మాత్రం లెక్కపెట్టుకోండి.

కొత్తపేక:
సరేనండీ. అయితే మొదటి వ్యాసానికి ఇలా అనుకుంటున్నాను, సరిచూడండి. చీర: నారాయణపేట నూలు, గళ్లది, ఇంట్లో ఉన్నదే. రాసే అంశాలు: కొన్న ఊరు, ధర, ఉతకక ముందు పొడవు వెడల్పు, మొదటి ఉతుకు తర్వాత అవే, మూడో ఉతుకు తర్వాత అవే, రంగు తెల్లగుడ్డకు అంటిందా, ఫాల్ తడిపారా, కట్టిన మనిషి ఎత్తు, గంజి పెట్టారా లేదా. మొహం లేదు. డబ్బు ఎవరూ ఇవ్వలేదని మొదటి పంక్తి.

చిటికిబిగువు:
బాగుంది. "ఉతకక ముందు" అన్న వరుస తీసేయండి, ఇంట్లో ఉన్న చీరను ఇప్పటికే ఉతికి ఉంటారు. చీటీ మీద ఉన్న కొలత దొరికితే అది చీటీ కొలత అనే రాయండి. గళ్ల చీరకు ఒక ఫొటో అదనం: ఒక గడి పక్కన స్కేలు పెట్టి, నిలువూ అడ్డమూ. ఉతికాక నిలువు ఎక్కువ తగ్గి గడి చతురస్రం కాకుండా పోతుంటే కుంచించుకోవడం ఎటు జరిగిందో చదివేవాళ్లకు కంటికే కనిపిస్తుంది.

గంజివార్పు:
గంజి దగ్గర పాళ్లు కూడా రాయండమ్మా. ఒక చీరకు రెండు చెంచాల మైదా, ఒక గ్లాసు చల్లనీళ్లలో ఉండలు లేకుండా కలిపి, ఉడికించి, వడగట్టి, అర బకెట్ నీళ్లలో. వడగట్టకపోతే ముదురు రంగు చీర మీద తెల్ల మచ్చలు పడతాయి. పిండి ఎక్కువైతే మడత దగ్గర నూలు విరుగుతుంది, దాచే చీరకు గంజి అసలు ఉండకూడదు, పురుగు పడుతుంది.